జిరాక్స్‌లో పడని రాష్ట్రం

మా చంద్రకాంత్ సారు రాష్ట్రం పేరు ఎక్కడ రాయవలసి వచ్చినా పెన్సిల్‌తోనే రాసేవాడు. ఊరు మెదక్ అని నిక్షేపంగా పెన్నుతో రాసి, జిల్లా మెదక్ అని దాని కింద మళ్లీ పెన్నుతో రాసి, రాష్ట్రం దగ్గరికి వచ్చేసరికి పెన్నుకు మూత పెట్టేసి చెవి మీది పెన్సిల్ దించేవాడు.

"రేపో మాపో మారేదానికి ఇంకు దండుగ గద" అనేవాడు.

ఆ రేపోమాపో ఏళ్లకేళ్లు సాగింది. పెన్సిళ్లు పొట్టివైపోయాయి, రబ్బర్లు అరిగిపోయాయి, ప్రత్యేక రాష్ట్రం అడగను ఢిల్లీ పోయినవాళ్లు పోయినట్టే తిరిగొచ్చారు. సారు నమ్మకం మాత్రం చెక్కినకొద్దీ మొన తేలింది.

నాది చర్చి దారిలో జిరాక్స్ దుకాణం. బడి సగంలోనే ఆగిపోయినా, జనం తెచ్చే కాగితాలు చదివి చదివే నాకు నాలుగు ముక్కలు వచ్చాయి. కాగితాన్ని మిషన్ మీద పెట్టేముందు ఒకసారి చదవడం నా అలవాటు. దాని వెనుక కథ ఉంటే స్టూలు జరిపి కూర్చోబెట్టి వినడం ఇంకో అలవాటు. నా మిషన్‌కు మాత్రం ఒక గుణం ఉంది. సన్నటి పెన్సిల్ రాత దానికి ఆనదు.

"సారూ, రాష్ట్రం పడలే" అనేవాణ్ణి కాపీ చేతికిస్తూ.

"ఇయ్యాల పడలే ఐలయ్యా. పడే రోజొస్తది" అని మడిచి జేబులో పెట్టుకునేవాడు.

స్కూటర్ నంబరు ప్లేటు మీద 'ఏపీ' అన్న రెండక్షరాలనూ సుద్దముక్కతో రాసుకున్నాడు. వాన పడింది, అక్షరాలు పోయాయి. బస్టాండు దగ్గర పోలీసాయన ఆపాడు.

"ఏ రాష్ట్రం బండి గిది?"

"రాబోయే రాష్ట్రందే సార్."

"గట్లయితే వచ్చినంక నడుపు" అని తాళంచెవి లాక్కున్నాడు. సారు ఇంటికి నడిచిపోయాడు, అదీ నవ్వుకుంటూ.

కూతురు సృజన పెండ్లి పత్రికల్లో రాష్ట్రం పేరున్న చోట ఖాళీ పెట్టించి, అన్నింటి మీదా పెన్సిల్‌తో పూరించాడు. వియ్యంకుడు పరమేశ్ కొంచెం జంకుతూనే అడిగాడు. "ఏంది బావా, పెండ్లి గూడ పెన్సిల్‌తోనేనా?"

"పెండ్లి పెన్నే బావా. రాష్ట్రమొక్కటే పెన్సిల్."

సారు పనిచేసేది నర్సాపూర్ దారిలో జనార్దన్ పటేలు కంపెనీలో. విదేశీ వ్యాపారానికి దేశం తలుపులు తెరిచారని పేపర్లో చదివి పటేలు అప్పట్లో ద్రాక్ష పందిళ్లు వేశాడు. ద్రాక్షకు ధర లేని ఏడు ఆ పండ్లతోనే వైన్ చేయడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఎవరూ దాన్ని వైన్ కంపెనీ అనరు, అంటే పొద్దున్నే గ్లాసు పట్టుకొని వస్తారు. సీసల కంపెనీ అంటారు. అక్కడ సారు గుమాస్తా. సరుకు కన్నా ముందు నడవాల్సిన కాగితాలన్నీ ఆయన పని.

అక్కడే సీసాలు సర్దే ఆడవాళ్లకు మేస్త్రీ వజ్రమ్మ. రేగోడ్ మనిషి. ఆమె సర్దిన పెట్టె జీపులోంచి కిందపడ్డా లోపల చప్పుడు ఉండదు.

ఉద్యమం ఊళ్లో వీధివీధినా మోగుతున్న రోజుల్లో, లండన్‌లో ఒక హోటలాయన పటేలు వైన్ రుచి చూసి సరుకు పంపమన్నాడు. మొదటి విదేశీ ఆర్డరు. ఓడ ముంబైలో ఎక్కాలి. దానికి ముందు సరుకు ఏ మట్టిదో చెప్పే కాగితం, తాగితే ఏమీ కాదని చెప్పే కాగితం, శుభ్రంగా సర్దామని చెప్పే కాగితం, అన్నీ పట్నంలో ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. చివరి కాగితం మీద సర్దించిన మేస్త్రీ తన చేత్తో పేరు, ఊరు, రాష్ట్రం రాయాలి. ఏ భాషైనా సరే, వేలిముద్ర మాత్రం చెల్లదన్నారు.

సారు తన పద్ధతిలో మొదటి కాగితాలు నింపాడు, నేను జిరాక్స్ తీశాను. ఎప్పటిలాగే రాష్ట్రం పడలేదు. ఎప్పటిలాగే ఇద్దరం నవ్వుకున్నాం. మా ఇద్దరి తెలివీ కలిసి ఆ కాపీలనే పట్నం పంపింది. 'సరుకు ఏ రాష్ట్రానిదో తెలియడం లేదు' అని ఫైలు తిరిగొచ్చింది.

ఆ పొద్దున పటేలు జీపు నా దుకాణం ముందు ఆగింది. సారు, వజ్రమ్మ కూడా దిగారు.

"చంద్రకాంత్, తెలంగాణ అంటే నాకూ పాణమే" అన్నాడు పటేలు. "గని ఓడకేం తెలుస్తది? రేపటి సంది సమ్మె, ఆఫీసులన్ని బంద్. సాయంత్రం లోపల కాగితాలు చేరకుంటే సరుకు ఈడనే. మల్ల ఆర్డరు రాదు. ఇంగో మాట. సంతకం వచ్చినోళ్లే మేస్త్రీ. వజ్రమ్మకు వస్తదన్నవు. రాకుంటే చెప్పు, పట్నం నుంచి మనిషిని తెచ్చుకుంట."

"వస్తది పటేలా" అన్నాడు సారు.

వజ్రమ్మ నేల చూపులు చూసింది.

పటేలు జీపులో కూర్చొని హారన్ మీద చేయి పెట్టాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చొని, భయం భయంగా అడిగాను. "సారూ, అన్నీ టైపు కొట్టనా? రాష్ట్రంతోని సహా?"

యుద్ధం అవుతుందనుకున్నాను.

"కొట్టు. ఆంధ్రప్రదేశ్ అనే కొట్టు" అన్నాడు, కరెంటు బిల్లు కట్టమన్నంత మామూలుగా.

ఇన్నేళ్లుగా బండి తాళంచెవి పోయినా, వియ్యంకుడు జంకినా వదలని మనిషి. నా వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి.

అన్నీ టైపయ్యాయి. మేస్త్రీ కాగితం దగ్గరకు రాగానే సారు దాన్ని లాక్కున్నాడు. "గిది నాకియ్యి. నువ్వు జర మూడు చాయ్ చెప్పి రాపో." చేయి అప్పటికే చెవి మీదికి పోయింది.

నేను చాయ్ గ్లాసులతో తిరిగొచ్చేసరికి వజ్రమ్మ నాలుక కొరుక్కుంటూ పెన్ను పట్టుకొని వంగి ఉంది. సారు సన్నగా రాసిన పెన్సిల్ అక్షరాల మీదుగా ఒక్కో గీతా దిద్దుతోంది. వజ్రమ్మ అయింది. రేగోడ్ అయింది. ఆంధ్రప్రదేశ్ దగ్గర చేయి ఆగింది.

"గింత పొడుగు పేరేంది సారూ, చెయ్యి గుంజుతుంది."

"జర ఓపిక వట్టు. చిన్న పేరు వస్తది."

నన్ను చూసి ఆమె పెన్నును కొంగు చాటు చేసింది. నేను చాయ్ అక్కడ పెట్టి, మిషన్‌లో లేని కాగితం ఇరుక్కున్నట్టు వెనక్కి తిరిగి వెతకసాగాను. పెన్ను మళ్లీ గీరుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇంకు ఆరాక సారు పెన్సిల్ గీతలు రబ్బరుతో తుడిచేశాడు.

కాగితాలతో పటేలు జీపు పట్నం దారి పట్టింది, వజ్రమ్మ కంపెనీకి పోయింది, సారు కబురు కోసం నా దుకాణంలోనే ఉండిపోయాడు. ఆఫీసు మూయకముందే ముద్ర పడిందని సాయంత్రం కబురొచ్చింది. అప్పుడు స్టూలు జరిపి సారును కూర్చోబెట్టాను.

"అయితే ఇన్నేండ్ల సంది పెన్సిల్ గందుకేనా?"

"జీతాల బుక్కుల ఆమె దిద్దనీకి పేరొక్కటే పెన్సిల్‌తోని రాస్తే కంపెనీల అందరికీ తెలుస్తది, నవ్వుతరు. నేను అన్ని కాగితాల మీద పెన్సిల్ వాడితే నన్ను పిచ్చోడంటరు. గంతే గద."

"మరి తెలంగాణ?"

"గది సుత నిజమే. పెన్సిల్ ఒక్కటే అయితేంది, రెండు పనులు చెయ్యదా?" అని వీధి చివర డప్పుల చప్పుడు వినిపించే వైపు చూస్తూ కూర్చున్నాడు.

రాష్ట్రం వచ్చింది. మిఠాయిలు పంచారు, డప్పులు పగిలాయి. నేను మాత్రం దుకాణం వదలకుండా సారు కోసం చూశాను, ఆయన పెన్ను మూత తీసే ఘడియ నా కళ్ల ముందే జరగాలని. ఆ తర్వాతి సరుకు కాగితాలతో వచ్చాడు, వెంట వజ్రమ్మ. మూత తీశాడు, తీసి పెన్ను ఆమె చేతికిచ్చాడు.

కాగితం మీద కింద ఏ పెన్సిల్ గీతా లేదు. వజ్రమ్మ రాసింది. పేరు రాసింది, ఊరు రాసింది, ఒక్క క్షణం ఆగి 'తెలంగాణ' అని రాసింది. సారు పక్కన రబ్బరు పట్టుకొని నిలబడ్డాడు, తుడవడానికి ఏమీ లేక.

కాగితం మిషన్ మీద పెట్టాను. వెలుగు అటు నుంచి ఇటు పోయింది.

"ఐలయ్యా, పడ్డదా?"

"పడ్డది సారూ. ఎంత ఒత్తి రాసిందంటే, కింది కాగితం మీద సుత పడ్డది."

వేడివేడి కాపీని చాలాసేపు చూసుకున్నాడు. అలవాటు చొప్పున చేయి చెవి మీదికి పోయింది. అక్కడ పెన్సిల్ లేదు. ఆ ముక్క వజ్రమ్మ చెవి మీద ఉంది.

"జల్ది కానియ్యి తమ్మీ" అంది ఆమె. "ఆడ సీసలు సర్దే యాదవ్వ ఎదురుచూస్తుంటది. దిద్దనీకి ఆమె పేరు రాసియ్యాలె."