ట్యాంకరు వరసలో నీలం బిందె

ముదిగుబ్బలో పగిలిన ప్లాస్టిక్ బిందెలకు అతుకులు వేయడం ఫాతిమాబీ పని. ఇనుప చువ్వను ఎర్రగా కాల్చి, పాత బిందె ముక్కను చీలిక మీద కరిగించి అద్దేది. ఆమె వేసిన అతుకు నిలవలేదన్న మాట పదేళ్ళలో రాలేదు. 2003 వేసవిలో వచ్చింది.

"వారం కాలేదు, మళ్ళా కారతాండాది. నీ చేతిలో పస పోయిందేమ్మా?" అంటూ కుళ్ళాయమ్మ నీలం బిందెను గడపలో దించింది. "ఇంగ మేం ధర్మవరం పోయి అతికిచ్చుకుంటాం లే."

ఫాతిమాబీ బిందెను తిప్పి చూసింది. అతుకు గట్టిగానే ఉంది, దాని పక్కనే కొత్త చీలిక. ఒక వైపు రంగు వెలిసింది. గోటితో గీరితే తెల్లటి పొడి రాలింది.

"దీన్ని యాడ పెడతావక్కా?"

"యాడ పెడతా? ట్యాంకరు వరసలో."

నాలుగు రోజులకోసారి వచ్చే ట్యాంకరు కోసం, వంతు పోకుండా ఖాళీ బిందెలను రోడ్డు పక్కన పెట్టి పోవడం అక్కడి అలవాటు. అవి పొద్దంతా ఎండలోనే ఉండేవి.

ఆ తర్వాత ఎవరూ బిందె తేలేదు. ఫాతిమాబీ ఒక నీలం ముక్క, చేలల్లో ఏళ్ళ తరబడి ఎండలో పడున్నా పగలని నల్ల పైపు ముక్క ఒకటి మిద్దె మీద ఎండలో పెట్టింది. నెల తర్వాత వంచితే నీలం ముక్క అప్పడంలా విరిగింది, నల్లది వంగి మళ్ళీ నిలబడింది.

హిందూపురంలో పైపుల మిషను మీద పనిచేసే తమ్ముడు రఫీ వచ్చినప్పుడు అడిగింది.

"పైపులో మసి కలుపుతామక్కా. ఎండలో కంటికి కనపడని కిరణాలుండాయి, అవి ప్లాస్టిక్‌ను లోపల్లోపలే తెంపుతాయి. మసి వాటిని ముందే మింగేస్తాది. నీ బిందెలో ఉండేది ఉత్త రంగు."

మరుసటి ట్యాంకరు రోజు ఆమె రెండు ముక్కలూ వరస దగ్గరికి తీసుకెళ్ళి అందరి ముందూ వంచి చూపించింది.

"అయితే నల్ల బిందెలో తాగమంటావా?" అంది కుళ్ళాయమ్మ. "లోపల పురుగుండాదో పుల్లుండాదో కనపడొద్దా?"

"నీళ్ళు నీలం దాంట్లోనే పట్టుకోక్కా. వంతు కాసేదానికి బిందె ఎందుకు?"

కొంగులోంచి నల్ల పైపు తుంటలు తీసింది. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు, కాల్చిన చువ్వతో ముందే వేసి తెచ్చింది. కరెంటు స్తంభానికి కట్టిన తీగకు, వచ్చిన వాళ్ళు వచ్చినట్టు తమ తుంట గుచ్చితే సరి, అదే వంతు.

"ఇంగ నా ముందు దూరేదానికి కుదరదు మే, ఆదిలక్ష్మీ," అంది కుళ్ళాయమ్మ, వరసలో పక్కనున్న ఆమెతో. తన తుంటను మొదట గుచ్చింది.

ఆ నీలం బిందెకు మాత్రం ఫాతిమాబీ చువ్వ కాల్చలేదు. "ఇది సచ్చిన ప్లాస్టిక్, అతుకు పట్టదు. గింజలు పోసుకో," అంది.

కుళ్ళాయమ్మ కొత్త బిందె కొంది. మరుసటి ఏడు అది బండరాయికి తగిలి అడుగు చీలితే, ధర్మవరం బస్సు ఎక్కకుండా నేరుగా ఈ గడపకే తెచ్చింది. ఫాతిమాబీ గోటితో గీరి చూసింది. పొడి రాలలేదు. చువ్వ కుంపట్లో పెట్టింది.