అల్లం గదికి గొళ్ళెం

పదో తరగతిలో ఇంగ్లిష్ సారు 'క్రాష్' అన్న మాటకు అర్థాలు చెప్పమన్నాడు. బండ్లు ఢీకొట్టుకోవడం, విమానం కూలడం, ధరలు ఒక్కసారిగా పడిపోవడం. గడగడా అప్పజెప్పాను. భేష్ అన్నాడు. భేషట, నా మొహం! ఆ చప్పుడు అయిపోయాక ఏం జరుగుతుందో ఏ అర్థంలోనూ లేదు.

అంతకు కొన్నేళ్ళ ముందు సంగతి. చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు పక్కనే మా ఇల్లు. విత్తనపు అల్లం పరిచిన గదిలో కూర్చుని కుళ్ళిన ముక్కలు ఏరుతున్నాను. రోడ్డు మీద ధడేల్‌మని చప్పుడు, వెంటనే కేకలు. కాసేపటికి నెత్తురు కారే మొహంతో ఒకాయన మా వాకిట్లోకి వచ్చి పడ్డాడు. లారీ డ్రైవరు.

"బ్రేక్ ఫేలయిందమ్మా! దొరికితే సంపుతరు," అని అమ్మ కాళ్ళు పట్టుకున్నాడు.

అమ్మ అతన్ని నేనున్న గదిలోకి నెట్టి బయట గొళ్ళెం పెట్టేసింది. నేను లోపలున్నానన్న సోయే లేదామెకు.

ఆ రోజుల్లో డ్రైవరు గుంపుకు దొరికాడంటే అంతే సంగతులు. గుంపు రానే వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే, ముందు కర్ర పట్టుకుని మా నాయన. వాళ్ళ అరుపుల్లో తెలిసింది, చచ్చింది మా ఎద్దే! గదిలో గాలి లేదు, అల్లం ఘాటుకు గొంతు మండుతోంది. దగ్గితే డ్రైవరు ప్రాణం పోతుంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఆయనా అంతే.

"గా గది తియ్," అన్నాడు నాయన.

"సచ్చిన ఎద్దును ముట్టొచ్చి విత్తనం కాడికి పోతవా? మొలక రాదు. ముందుగాల తానం చెయ్‌పో," అంది అమ్మ.

మా ఇంట్లో అది మీరరాని కట్టుబాటు. మళ్ళీ సందులోంచి చూశాను. నాయన గడప ముందు పడ్డ నెత్తురు మరకనే చూస్తున్నాడు. అయిపోయింది, ఇక అయిపోయిందనుకున్నాను. నాయన మెల్లగా ఆ మరక మీద కాలు పెట్టి గుంపు వైపు తిరిగాడు.

"ఈడ లేడు. రోడ్డు దిక్కు పోయి సూడున్రి."

అందరూ పోయారు. ఇంటి పక్కన స్నానాల బండ మీద చెంబు చప్పుడు మొదలయ్యింది. అమ్మ గొళ్ళెం తీసి, నన్ను చూసి "ఓయమ్మో!" అని గుండెలకు అదుముకుంది. డ్రైవరు వెనక చెరుకు తోటలోకి పరుగెత్తాడు.

బండ మీంచి నాయన అడిగాడు, "పోయిండా?"

"పోయిండు," అంది అమ్మ.

చెంబు చప్పుడు ఆగిపోయింది. అప్పుడు ఏడ్చాడు నాయన, ఎద్దును పేరు పెట్టి పిలుస్తూ.