రోజుకో అబద్ధం

నా చిన్నప్పుడు నాకున్నంత అనుమానం పోలీసులకి కూడా ఉండదని మా అమ్మ అంటుండేది. ఉండదా మరి! డెబ్బైల నాటి మాట. మా నాన్న ఆటోనగర్‌లో లారీ రిపేర్ల షెడ్డు పెట్టి, దసరా వెళ్లాక మమ్మల్నందర్నీ పల్లె నుంచి బెజవాడ తెచ్చేశాడు. ఏడాది మధ్యలో ఏ బడీ చేర్చుకోనంది. జూన్ దాకా పిల్లలకి ఇంట్లో నేనే చెప్తానంటూ మా అత్తయ్య, అంటే నాన్న వాళ్లక్క, పలక ముందేసుకుని కూర్చుంది. ఆవిడ మాతోనే ఉండేది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఐదు.

వంటింటి గుమ్మం దగ్గర చాప మీద చదువేంటో నాకర్థం కాలేదు. పైగా పక్కింటావిడ గోడ మీంచి అమ్మని అడగనే అడిగింది, పిల్లని బడి మాన్పించడానికి ఇదో ఎత్తు కాదు కదండీ అని. అమ్మ నవ్వేసి ఊరుకుంది. కాదని ఒక్క మాట అనొచ్చుగా! ఇంక అప్పట్నుంచి ఇంట్లో ఎవరు గుసగుసలాడినా నా చెవులు అటే ఉండేవి.

నా వాలకం అత్తయ్య కనిపెట్టినట్టుంది. రెండో వారంలోనే ఒక షరతు పెట్టింది. పాఠంలో రోజుకి ఒక్క అబద్ధం చెప్తుంది, ఎక్కువా కాదు తక్కువా కాదు. సాయంత్రంలోగా అదేదో నేను పట్టుకోవాలి. బెజవాడ నుంచి ఏలూరు వెళ్తుంటే ముందు హనుమాన్ జంక్షన్, తర్వాత గన్నవరం తగుల్తాయని ఓ రోజు చెప్పింది. షెడ్డుకొచ్చిన లారీ డ్రైవర్‌ని అడిగి వచ్చి ఆ పప్పులు నా దగ్గర ఉడకవన్నాను. కుంచానికి ఐదు మానికలంది. బియ్యం డబ్బా బోర్లించి కొలిచి నాలుగేనని తేల్చాను. అమ్మ చేతిలో తిట్లు తిన్నాననుకోండి, అది వేరే సంగతి. తమ్ముడు మాత్రం అత్తయ్య ఏం చెప్తే అది తలూపేవాడు, వెర్రిబాగులాడు.

మే నెలొచ్చింది. తమ్ముణ్ణి కాన్వెంట్‌లో వేస్తారని టైలర్ ఇంటికొచ్చి వాడికి నిక్కర్ల కొలతలు తీసుకున్నాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. టేపు మెళ్లో వేసుకుని వెళ్లిపోయాడు. అమ్మకి అప్పుడు ఏడో నెల. పుట్టబోయే బిడ్డని ఎత్తుకోవడానికి మనిషి కావాలి కదా. నాకంతా తెలిసిపోయింది.

ఆ మర్నాడు పాఠంలో అత్తయ్య నాలుగు మాటలు చెప్పింది. పదిహేడు ఎనిమిదులు నూట ముప్ఫై ఆరు. కోడి గుడ్డు ఇరవై ఒక్క రోజులకి పిల్లవుతుంది. తర్వాత నా మొహం చూసి, జూన్‌లో నువ్వూ బడికెళ్తావే అంది. పలక తుడుస్తూ, తనని ఆరో క్లాసులో మాన్పించారనీ, అప్పుడు తనకేం బాధ అనిపించలేదనీ అంది.

నాలుగింట్లో ఒకటి అబద్ధం. అది మూడోది కాకూడదు దేవుడా అనుకుంటూ లేచాను. చింతపిక్కలు పదిహేడేసి చొప్పున ఎనిమిది కుప్పలు పోసి లెక్కపెట్టాను. నూట ముప్ఫై ఆరే. తప్పు రావాలని అంత కోరుకుంటూ లెక్క చేయడం నాకదే మొదలు. కోళ్లు పెంచే పక్కింటావిడ దగ్గరికి పరిగెత్తాను. ఇరవై ఒక్క రోజులేనంది. ఏ ఇరవయ్యో ఇరవై రెండో అయితే ఆవిడ సొమ్మేం పోయింది!

ఇంక రెండే మిగిలాయి. ఏడుపు దిగమింగుకుని ఇంటికొస్తే అత్తయ్య చాప మీదే ఉంది. ఒళ్లో పలక. దాని మీద ఒక్క గీత లేదు, అయినా తుడుస్తూనే ఉంది. పొద్దున ఆ మాట అన్నప్పుడూ అంతే, తుడిచిన పలకనే తుడిచింది.

"బాధ అనిపించలేదన్నావే, అదే అబద్ధం అత్తయ్యా," అన్నాను.

దొరికిపోయానే అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నన్ను దగ్గరికి లాక్కుంది. ఆవిడ కన్నీళ్లు పెట్టుకోగా నేను చూసింది అప్పుడే.

మధ్యాహ్నం నాన్న భోజనానికొచ్చాడు. అన్నం వడ్డిస్తూనే అత్తయ్య, పిల్లకి కొలతలెందుకు తీయించలేదని నిలదీసింది. నాన్న తలెత్తకుండా పప్పు కలుపుకుంటూ అన్నాడు, "బిడ్డ పుట్టనీ అక్కా. వచ్చే ఏడాది చూద్దాం."

"నిన్నెత్తుకోవడానికి నన్ను మాన్పించినప్పుడు మన నాన్న నాకూ ఆ మాటే చెప్పాడురా," అంది అత్తయ్య.

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆవిడ గొంతు పెంచలేదు. నీ బిడ్డని కూడా నేనే ఎత్తుకుంటాను, దీన్ని మాత్రం పంపించమంది. నాన్న చెయ్యి కడుక్కుని షెడ్డుకెళ్లాడు. సాయంత్రం టైలర్ మళ్లీ వచ్చాడు. ఈసారి టేపు నా భుజం మీద పడింది.

పొద్దున నువ్వూ బడికెళ్తావే అన్నప్పుడు అది నిజమో కాదో అత్తయ్యకీ తెలీదని నాకు చాలా ఏళ్లకి అర్థమైంది. ముందు అనేసి, తర్వాత దాన్ని నిజం చేసింది.

నాకిప్పుడు అరవై దాటాయి. నా అనుమానం తగ్గలేదు, చోటు మారిందంతే. నాకేం బాధ లేదండీ అని ఎవరైనా అంటే నేను వాళ్ల మాట వినను. వాళ్ల చేతులేం చేస్తున్నాయో చూస్తాను.