చక్కర్ అంటే చక్కెర కాదు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లు మంట. నర్సుగా మార్చురీ పక్క గదిలో కూర్చుని క్యారేజీ విప్పి అన్నం తిన్నదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ అనను. ఏమనాలో మాత్రం తెలీదు.

తొంభైల్లో ఫరీదాబాద్‌లోని ఒక వృద్ధాశ్రమానికి నేనొక్కదాన్నే నర్సుని. పగటిపూట ఢిల్లీ సాకేత్‌లో ఇంకోచోట కూడా పని ఉండేది. అందుకని అందరూ ఆంటీ అని పిలిచే షుగరు పేషెంటుకి మధ్యాహ్నం ఇన్సులిన్ ఇచ్చే పని ఆయా సుగుణకి అప్పజెప్పాను. నాలాగే గోదావరి మనిషి. చెయ్యి నెమ్మది, హిందీ మాత్రం అంతంతమాత్రం. పక్కన నిలబడి చేయించి, చెయ్యి కుదిరాకే వదిలాను. ఒక్కటి మాత్రం పదేపదే చెప్పాను: ఆంటీకి కళ్లు తిరుగుతుంటే సూది ముట్టుకోవద్దు, పంచదార నీళ్లు పట్టు.

ఆంటీ పంజాబీ ఆవిడ. తెలుగు ముక్క రాదు.

ఒకరోజు సాకేత్ నుంచి వస్తుంటే బదర్‌పూర్ దగ్గర జామ్‌లో బస్సు ఆగిపోయింది. పక్క సీటామె తల పట్టుకుని, "భయ్యా, ఖిడ్కీ ఖోల్ దో, చక్కర్ ఆ రహా హై" అంది, కిటికీ తెరవమని.

అప్పుడు తట్టింది నాకు. కళ్లు తిరగడాన్ని వీళ్లు చక్కర్ అంటారు. సుగుణ చెవికి అది చక్కెర. ఆంటీ ఆ మాటంటే, షుగరు పెరిగిందనుకుని వెంటనే ఇంజక్షను ఇచ్చేస్తుంది. అసలే షుగరు పడిపోయిన ఆంటీ ప్రాణం పోతుంది.

సరిగ్గా ఇంజక్షను వేళ. చుట్టుపక్కల ఫోను బూత్ లేదు. దిగి పరుగెత్తినా అందే దూరం కాదు. "ప్రభువా, దాన్ని సూది ముట్టుకోనివ్వకు" అని ఏడుస్తూ కూర్చున్నాను. అంతకంటే చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

నేను చేరేసరికి ఆంటీ మంచం మీద కూర్చుని పంచదార నీళ్లు తాగుతోంది. సిరంజిలో మందు ఎక్కించింది ఎక్కించినట్టే ట్రేలో ఉంది.

"బతికించారండీ సిస్టరుగారూ" అంది సుగుణ. "చక్కరు చక్కరు అంటుంటే షుగరు పెరిగిందనుకున్నానండీ. మీరు గుమ్మంలోంచి 'చక్కెర కాదే, కళ్లు తిరుగుతున్నాయే' అని అరవబట్టి ఆగాను. అంతలోకే ఎటెళ్లిపోయారండీ?"

ఇప్పుడే బస్సు దిగానని చెప్తే నమ్మలేదు. ఆంటీని అడిగాను. "తుమ్ హీ తో థీ, బేటీ" అంది, వచ్చింది నువ్వే కదమ్మా అన్నట్టు.

ఆ తరవాత సుగుణ ఎప్పుడు ఇంజక్షను ఇచ్చినా ముందు గుమ్మం వైపు చూసేది. నేను పక్కనే నిలబడి ఇవ్వమన్నా సరే, అటు చూశాకే ఇచ్చేది. విసుగొచ్చి, నేను ఇక్కడే ఉన్నాను కదే అన్నాను.

"మీరున్నారండీ. గుమ్మంలో ఆవిడ కూడా సరేననాలి కదండీ" అంది.

తిడదామనుకుని, నేనూ గుమ్మం వైపు చూశాను.