మేనమామ చీర, మొరాయించిన ట్యాబ్

మా తోడికోడలి ట్యాబ్‌లో బొమ్మలు వెన్నలా జారేవి. నా దాంట్లో బండెద్దు మొరాయించినట్టు ఆగి ఆగి కదిలేవి. ఇద్దరం ఒకే కొట్లో, ఒకేసారి కొన్నవే. నాది మదనపల్లెలో, ఆమెది పుంగనూరులో జాకెట్లు కుట్టే పని. ఆ పని ఆమెకు నేర్పింది నేనే. అలాంటిది ఆమె అంగట్లో కుర్చీలు చాలక ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చునేదాకా వచ్చింది. కడుపు మండదా? మండింది. దాచుకోవడం ఎందుకు!

ఇప్పుడెవరూ "నీకు నచ్చినట్టు కుట్టమ్మా" అనరు. వీపు మీద కోత, చేతుల మీద పని, అన్నీ నెట్‌లో చూసి ఎంచుకుంటారు. ట్యాబ్ చేతికిస్తే వేలితో పైకి తోస్తారు. నా దాంట్లో వేలు పైకి పోతుంది, బొమ్మ పోదు. కాసేపటికి నాలుగైదు బొమ్మలు ఒక్కసారిగా దూకుతాయి. ఆ తర్వాత తెర తెల్లబడి, బ్రౌజర్ దానంతటదే మూసుకుపోతుంది. "మళ్ళీ వస్తాంలేమ్మా" అని లేచేవాళ్ళు. ఏ బస్సు ఎక్కుతారో నాకు తెలియదా?

నేను చేయని వైద్యం లేదు. గాజు తుడిచాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. నెట్ అందడం లేదేమోనని మిద్దె ఎక్కి చూశాను, అక్కడా అదే వరస. మా ఆయన పెద్ద రీఛార్జి వేయించాడు. బస్టాండు దగ్గర సెల్ రిపేరు చేసే ఆయన నా ఫోటోలన్నీ తీసేసి, "సోటు ల్యాకుంటే అట్లే అవుతాది మా" అన్నాడు. కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. "మీ తోడికోడల్ని అడగరాదా?" అన్నాడు మా ఆయన. ఆ పూట ఆయనకు ఉత్త చారే పోశాను.

ఇంతలో కుప్పంలో మా వదిన కూతురికి పెళ్ళి కుదిరింది. వదినంటే మా ఆయన అక్క. మా వైపు పెళ్ళికూతురికి మేనమామ ఇంటి చీర పెట్టాలి. మా ఆయన, మరిది కలిసి ఒక పట్టుచీర తీశారు. దాని మీదికి జాకెట్ ఎవరు కుడతారన్నదే నాకు పట్టుకుంది. పెద్ద మేనమామ పెళ్ళాన్ని నేనుండగా చిన్నామె కుడితే, పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళు "మదనపల్లె ఆమె పని అయిపోయింది" అనుకోరూ? నేను కుట్టి తీరాలి.

టేపు, ట్యాబ్ సంచిలో వేసుకుని కుప్పం పోయాను. నాకంటే ముందే తోడికోడలు అక్కడ ఉంది. వంటింటి గడప దగ్గర మా వదినతో నవ్వుతూ అనపకాయల గింజలు ఒలుస్తోంది. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని ట్యాబ్ తెరిచాను. పిల్ల వేలితో తోసింది. కదల్లేదు. మళ్ళీ తోసింది. తెల్లబడింది, మూసుకుపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇట్లియ్యక్కా, నేను సూస్తా" అని తోడికోడలు చేతులు తుడుచుకుని వచ్చింది.

నా డిజైన్లు కాజేస్తుందేమోనని ఇవ్వబుద్ధి కాలేదు. అందరి ముందు కాదంటే బాగుండదని ఇచ్చాను.

ఆమె పై మూలనున్న చిన్న గడి నొక్కింది. తెరిచిన పేజీలు ఎన్నో చెప్పే అంకె అక్కడ ఉంటుందట. నా దాంట్లో అంకె లేదు, నవ్వే మొహం ఉంది. చాన్నాళ్ళుగా ఉంది. ట్యాబ్ కులాసాగా ఉందని నేను అనుకున్నాను.

"నవ్వేది కాదక్కా అది. లెక్క నూరు దాటిపోయిందని అట్ల సూపిస్తాది. ఇన్ని పేజీలు యాల తెరిసిపెట్టుకోనుండావు?"

ఎందుకేమిటి? కుట్టి ఇచ్చేదాకా గుడ్డను కొక్కెం మీద నుంచి తీస్తామా? ఎవరు ఏ డిజైన్ చెబితే ఆ పేజీ అలాగే ఉంచుతాను. జాకెట్ చేతికిచ్చాకే మూస్తాను. ముందే మూస్తే వచ్చే మనిషి రాదని నా నమ్మకం.

"బొమ్మ దించి పెట్టుకుంటే సాలు గదక్కా" అంటూ ఆమె ఒక్కొక్కటీ మూయసాగింది. ఒకచోట ఆగి, "ఇది ఉంచాల్నా?" అంది.

"ఉంచు. చౌడేపల్లె టీచరమ్మది. గుడ్డ తెస్తానన్నాది."

ఆమె వేలు కదల్లేదు. "ఆమెది అయిపోయినాదిలేక్కా."

"యాడ అయిపోయినాది?"

"నా దగ్గర కుట్టించుకున్నాది."

తర్వాతది వి.కోట అత్తాకోడళ్ళది. అదీ అంతే. కురబలకోట ఆమె, మా ఊరి పక్కనే ఉండే మనిషి, నా అంగడి దాటుకుని పుంగనూరు పోయిందంటే ఏమనాలి! వస్తారని నేను తెరిచిపెట్టుకున్నవాళ్ళంతా తోడికోడలు కుట్టినవి తొడుక్కుని తిరుగుతున్నారు.

"మూసెయ్. అన్నీ మూసెయ్" అన్నాను.

ఆమె పాత బ్రౌజర్ మీద కొత్తది ఎక్కించి నా చేతికిచ్చింది. తోస్తే అబ్బ, ఎంత నున్నగా జారిందో! బాగుచేసిన చెయ్యి ఆమెది కావడమే నాకు సహించలేదు. అయినా పిల్ల వేలు చకచకా పోతుంటే ఆశ పుట్టింది. నెమళ్ళ పని దగ్గర ఆగి, "ఇది బాగుండాది పెద్దత్తా" అంది. నేను చటుక్కున టేపు తీశాను.

"లెయ్యమ్మా, కొలతలు తీస్తా."

పిల్ల లేవలేదు. వాళ్ళమ్మ వైపు చూసింది. మా వదిన తల ఎత్తలేదు.

"కొలతలు పోయిన వారమే చిన్నత్తకు ఇచ్చేసినా పెద్దత్తా. గుడ్డ గూడా ఆమె దగ్గరే ఉండాది. నువ్వు అంత దూరం నుంచి తెచ్చినావని సూసినా, అంతే."

తోడికోడలు నా మోచేయి పట్టుకుంది. "నేనే చెప్పాలనుకున్యానక్కా, నోరు రాలే."

"దానికేముంది, ఎవురు కుట్టినా మనింటి జాకెట్టే గదా" అన్నాను. నవ్వాను కూడా. నవ్వక చస్తానా!

"సీర కట్టేదానికి మాత్రం నువ్వే రావాల" అంది పిల్ల.

పోయాను. పెళ్ళినాడు కుచ్చిళ్ళు నేనే పెట్టాను. పెడుతూ జాకెట్‌లో భుజం దగ్గర, చంక దగ్గర, వీపు మీద ముడత కోసం వెతికాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. నాకు ఏడుపు ఆగలేదు. మేనకోడలంటే ఈమెకు ఎంత ప్రేమో అని అందరూ ముచ్చటపడ్డారు.