నిద్రపోని పట్టుపురుగులు

ఇందాక మా అమ్మాయి గ్రాఫ్ గీస్తూ, ఒక చుక్క గీత మీదికి రాలేదని రబ్బరు అడిగింది. ఆ సెంటు రబ్బరు వాసనకి నేను పుంగనూరులో తొమ్మిదో తరగతికి వెళ్లిపోయాను. ఆకుపచ్చ గళ్ల కాగితం మీకూ గుర్తుండే ఉంటుంది.

ఇంట్లో రోజూ పెరిగేదాన్ని కొలిచి, గ్రాఫ్ గీసి సమీకరణం రాయమన్నారు లెక్కల సారు. మా ఇంట్లో పెరిగేవి పట్టుపురుగులే. అవి మల్బరీ ఆకు తింటుంటే మిద్దె మీద వాన పడుతున్నట్టుండేది. రోజుకెన్ని గంపల ఆకు వేశామో పది రోజులు రాసుకున్నాను. గీత పైకెక్కుతూ రెండు చోట్ల సున్నాకి పడింది.

"తప్పు కొలిచినావు పాపా. గీత తిన్నగా రావల్ల," అన్నారు సారు.

అవి పురుగులు పాత చర్మం విడవడానికి మేత మాని నిద్రపోయిన రోజులని నాకు తెలుసు. అయినా రెండు చుక్కలూ చెరిపేసి స్కేలు పెట్టి గీశాను. సమీకరణం కుదిరింది, పదికి పది వచ్చాయి.

అమ్మ బడికి పోయిన మనిషి కాదు. గ్రాఫ్ చూపించి, అడ్డంగా రోజులు, నిలువుగా గంపలు అని చెప్పాను. గీత వెంట చివరిదాకా వేలు పోనిచ్చింది.

"నీ పురుగులు ఒక్క దినమన్నా నిద్రపోలేదేమ్మా. నిద్రపోని పురుగు గూడు యాడ కడతాది?"

మా అమ్మాయి అడిగిన రబ్బరు ఇంకా నా చేతిలోనే ఉంది.