కేసినోవారి అల్లుడుగారు

మా చెల్లెలు రాజ్యం భర్త సాంబమూర్తి బావగారు కిందటి మంగళవారం ఉదయం కాలం చేశారు. ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో కూతురు సుధ ఇంట్లో, కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ పెడుతూ ఒరిగిపోయారట. అదే ఊళ్ళో ఇంకో శివారు టకానినిలో మా అబ్బాయి ఇంట్లో నేను అలవాటు ప్రకారం ముందురోజు డైరీ రాసుకుంటున్నాను. ఫోను మోగింది. "అన్నయ్యా, ఆయన పలకడం లేదు" అంది రాజ్యం. బావగారు నాకంటే చిన్నవారు. నా గురించి ఆయన నాలుగు మాటలు మాట్లాడాల్సింది పోయి, ఆయన గురించి నేను రాయవలసి వచ్చింది.

ఆదివారం జరిగిన సంతాపసభలో వక్తలందరూ ఆయన మితభాషి అన్నారు, నిరాడంబరుడన్నారు, ఏ వ్యసనమూ ఎరగని పుణ్యాత్ముడన్నారు. మా బావగారు నోరు విప్పితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆడంబరం లేనిదే ఆయనకు అన్నం సహించదు. ఇక వ్యసనం సంగతి సభలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. వెనక వరసలో ఎవరో "అయితే కేసినోవారి అల్లుడుగారు వెళ్ళిపోయారన్నమాట" అని గొణిగితే నలుగురు నవ్వు ఆపుకున్నారు. ఆ పేరు పెట్టింది నేనే. బావల మధ్య అంతమాత్రం చెల్లుతుంది. పోయిన మనిషికి లేని గుణాలు అంటగడితే పోయింది ఎవరో తెలియకుండా పోతుంది కనుక, ఉన్నదే రాస్తాను.

తెనాలిలో ఆయనది పెళ్ళి వంటల కాంట్రాక్టు. గుండిగలు, గంగాళాలు, బకెట్లు, గరిటెలు సొంతవి; వాటిని అద్దెకిచ్చే కొట్టు కూడా ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన నిలబడి వడ్డన చేయించని పెళ్ళి పెళ్ళిలా ఉండేది కాదు. "ఆకలితో వచ్చినవాడికి ఎవడైనా పెడతాడు బావా, కడుపు నిండినవాడి చేత ఇంకో గరిటె తినిపించినవాడే వడ్డనగాడు" అనేవారు. మా పెద్దమ్మాయి పెళ్ళికి మగపెళ్ళివారు చెప్పినదానికి రెట్టింపు మంది దిగారు. నేను కంగారుపడి లెక్క పెట్టబోతే భుజం పట్టుకుని ఆపారు. "వచ్చినవాళ్ళని లెక్కపెడితే అది విందు కాదు, రేషను షాపు" అన్నారు. ఆ రోజు చివరి బంతికి కూడా పెరుగు చిక్కగానే వడ్డించారు. ఎలా చేశారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఒక్కతే కూతురు కావడంతో కొట్టు, పాత్రలు అమ్మేసి, ఆ డబ్బు ఇక్కడి బ్యాంకులో వేసుకుని, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో దంపతులిద్దరూ ఆక్లాండ్ వచ్చేశారు. వచ్చిన నెలలోనే ఆయన బతుకు ఎంత చిన్నదైపోయిందో తేలిపోయింది. వంద మందికి చేసిన చేతికి నలుగురికి చేయడం రాలేదు. ఉప్పు మోతాదు తప్పింది, పులుసు పలచబడింది, పోపు పొగకి ఇంట్లో అలారం మోగింది. అల్లుడు కిరణ్ మంచివాడే, కానీ నోటికి అడ్డు తక్కువ.

"మామయ్యగారూ, మీరు ఇన్నేళ్ళు వంటలు చేయించారు కదా, నలుగురికి చేయడం రాదా?"

"నలుగురికి చేసేది వంట కాదు బాబూ, పత్యం."

"అయితే ఆ పత్యమేదో సుధ చేస్తుంది లెండి. మీరు స్టవ్ ముట్టుకోకండి."

ఆ రోజు నుంచి ఆయన ముట్టుకోలేదు. జీవితమంతా ఊరికి పెట్టినవాడు, ఇంకొకరు పెడితే తినేవాడయ్యాడు. మా ఇంటికి వచ్చినా అంతే, నేను పెట్టాలి, ఆయన తినాలి. తింటున్నంతసేపూ తల ఎత్తేవారు కాదు. చచ్చేలోగా ఒక్కసారి నా వాళ్ళందరికీ నేను పిలిచి పెట్టాలి బావా అని నాతో ఎన్నిసార్లు అన్నారో.

ఇక కేసినో. సిటీ నడిబొడ్డున ఉన్న దాన్ని చూపిస్తామని వృద్ధుల బృందం ఒకటి తీసుకెళ్ళింది. మిగతావాళ్ళం చూసి వచ్చేశాం. ఆయన రాలేదు, అంటే ఆయన మనసు రాలేదు. అక్కడ సభ్యత్వపు కార్డు ఉచితంగా ఇచ్చారు. పందెం రెండు సెంట్లుండే జూదం మిషన్‌లో ఆ కార్డు పెట్టి మీటలు నొక్కుతూ కూర్చుంటే చాలు, కాఫీ తెచ్చి ఇచ్చారు. అంతకంటే ముఖ్యంగా పేరు పెట్టి పిలిచారు. సీనా అని సమోవా అమ్మాయి, చిన్న పందేలవాళ్ళ బాగోగులు చూడడం ఆమె ఉద్యోగం. రెండోసారి వెళ్ళేసరికే "మిస్టర్ మూర్తీ, మోకాలు ఎలా ఉంది?" అని అడిగిందట. పాపటోయిటోయిలో పక్కింటివాళ్ళకు ఆయన పేరే తెలియదు.

ఈ మర్యాదల వ్యవహారం ఎలా నడుస్తుందో నేను ఓపికగా కనుక్కుని ఆయనకు చెప్పాను. మీరు గెలిచారా ఓడారా అని ఆ కార్డు చూడదు. ఎంత పందెం ఎంతసేపు ఆడారో చూస్తుంది. అంతసేపు ఆడితే మీ దగ్గర ఎంత రాలుతుందో వాళ్ళకు ముందే తెలుసు. రాలబోయేదాంట్లోంచి చిటికెడు తీసి మీకే పాయింట్లుగా ఇస్తారు. పెద్ద పందెంవాళ్ళకి హోటల్ గది, మీలాంటివాళ్ళకి కాఫీ, సూపు, పుట్టినరోజుకి భోజనం. అంతా విని ఆయన, "మీరు ఆఫీసులో ఫైళ్ళు చూసిన మనిషి బావా, మీకు మర్యాద కూడా ఫైల్లాగే కనిపిస్తుంది" అన్నారు.

ఆయన చేసిన పొరపాటు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. భోజనం కూపన్ వచ్చిన రోజున బుద్ధున్నవాడు వెళ్ళి తిని ఇంటికొస్తాడు. ఈయన తిని, చేయి కడుక్కుని, మళ్ళీ మిషన్ ముందు కూర్చునేవారు.

"తిన్నారు కదా, ఇంకా ఎందుకు కూర్చోవడం?" అని అడిగాను.

"తిని లేచి వెళ్ళిపోతే ఏమనుకుంటారు బావా? తిండి కోసం వచ్చాడనుకోరూ?"

"అనుకోవడానికి అక్కడ ఎవరున్నారు, మిషను తప్ప?"

"సీనా ఉంది."

ఇలా ఒక సూపుకి బదులు తీర్చడానికి ఒక గరిటె, ఒక కేకు ముక్కకి ఒక బకెట్టు చొప్పున, తెనాలి గుండిగలన్నీ ఆ రెండు సెంట్ల మిషన్లలో కరిగాయి. "అల్లుడుగారూ, ఈ పండక్కి అత్తవారేం పెట్టారు?" అని నేను ఏడిపించేవాణ్ణి. కోపం వచ్చేది కాదు. పెట్టిన పదార్థాలన్నీ వరసగా చెప్పి, ఏది చల్లారిపోయిందో, దేంట్లో ఉప్పు తక్కువైందో కూడా చెప్పేవారు.

కొన్నాళ్ళకు హోదా పెరిగి కార్డు రంగు మారి, ఉచిత పార్కింగు ఇచ్చారు. ఆయనకు కారు లేదు, డ్రైవింగ్ రాదు, రైల్లో వెళ్ళేవారు. అయినా "సిటీలో నాకు కారు పెట్టుకునే చోటుంది" అని అందరికీ చెప్పుకున్నారు. దాన్ని వాడుకున్నది కిరణ్. కార్డున్న మనిషి వచ్చి ఆడితేనే అది చెల్లుతుంది. సిటీలో పని పడ్డ రోజున "మామయ్యగారూ, ఈవేళ ఆటకి వెళ్తున్నారా?" అని అడిగేవాడు. వెళ్ళాలని లేకపోయినా అల్లుడు నోరు తెరిచి అడిగాడని ఆయన బయల్దేరేవారు. కిరణ్‌కి పార్కింగు డబ్బు మిగిలింది. దాని కోసం మామగారు ఎంత పోగొట్టుకున్నారో ఆ కుర్రవాడు ఎన్నడూ అడగలేదు.

డెబ్బయ్యో ఏడు వచ్చింది. కేసినోవాళ్ళ దగ్గర నుంచి పుట్టినరోజు కార్డు వచ్చింది, మధ్యాహ్నం బఫే భోజనానికి రమ్మని. శాంతి చేయించుకుందామని రాజ్యం అంటే, "శాంతి సంగతి తర్వాత, అందరం అక్కడికే" అన్నారు. కూతురు కుటుంబం, మా కుటుంబం, కిరణ్ తరఫువాళ్ళు, పిల్లలు అంతా కలిపి డజను మందిని ఆయనే స్వయంగా ఫోన్లు చేసి పిలిచారు. శుభలేఖలో సకుటుంబంగా రమ్మని రాసినవాడు గుమ్మంలో తలలు లెక్కపెట్టడు కదా. ఇన్నేళ్ళుగా పెడుతున్నవాళ్ళు ఈ ఒక్కపూట నా వాళ్ళకు పెట్టరా అన్నది ఆయన నమ్మకం. కార్డులో ఏముందో చదవమని ఎవరికీ ఇవ్వలేదు.

భోజనాల హాలు గుమ్మం దగ్గర సీనా ఎదురొచ్చి చేతులు జోడించింది. తరువాత మా అందరినీ చూసింది.

"మిస్టర్ మూర్తీ, ఇది మీకూ, మీతో ఇంకొకరికీ."

"వీళ్ళంతా నా వాళ్ళేనమ్మా" అన్నారు బావగారు తన ఇంగ్లీషులో, నవ్వుతూ.

ఆ పిల్ల ముఖం చూస్తే జాలేసింది. మిగతావాళ్ళకు కౌంటర్లో డబ్బు కట్టాలని మెల్లగా చెప్పింది. కిరణ్ పర్సు తీశాడు. "దీనికేముంది మామయ్యగారూ, నేను కట్టేస్తా."

"జేబులో పెట్టు బాబూ. ఇవాళ పిలిచింది నేను."

అంతమందికీ పాయింట్ల మీద ఇవ్వగలవా అని సీనాని అడిగారు. ఆమె కంప్యూటర్లో చూసి, చాలవంది. ఇంకెంత ఆడితే చాలుతాయని అడిగారు. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మిస్టర్ మూర్తీ, కొనుక్కోవడమే చవక." ఆ ఉద్యోగంలో ఉండి ఆ మాట అన్న మనిషిని నేను గౌరవిస్తాను.

నేనూ అదే అన్నాను. బావగారు నా వైపు తిరిగి, "కొని పెడితే అది హోటలు భోజనం బావా. ఎవడైనా కొనిపెడతాడు. నా మర్యాద మీద మీరు తినాలి" అని పక్కనున్న ఆట హాల్లోకి వెళ్ళారు.

పిల్లలను అందులోకి రానివ్వరు కనుక మేమంతా బయట సోఫాల్లో కూర్చున్నాం. తలుపు సందులోంచి ఆయన కనబడుతూనే ఉన్నారు. రెండు సెంట్ల మిషన్లు దాటి, ఎన్నడూ పోని పెద్ద పందెం మిషన్ ముందుకు పోయి కూర్చున్నారు. నోటు వెనక నోటు పెడుతున్నారు. "మమ్, ఐయామ్ హంగ్రీ" అని మనవడు మొదలుపెట్టాడు. కిరణ్ తరఫువాళ్ళలో ఒకాయన "భోజనం సంపాదిస్తున్నారు, ఉండరా" అన్నాడు. అందరూ నవ్వారు. రాజ్యం మాత్రం నవ్వలేదు. బావగారు కనబడేలా కూర్చుని తలుపు వైపే చూస్తోంది.

వడ్డన ఎత్తేసే వేళకు ఆయన కూపన్లు విసనకర్రలా పట్టుకుని బయటికొచ్చారు. చొక్కా వెనక తడిసిపోయింది. ముఖం మాత్రం పెళ్ళి పెద్ద ముఖం. మేము కూర్చున్నాం, ఆయన కూర్చోలేదు. పట్టకారు చేతబట్టి బల్ల చుట్టూ తిరుగుతూ, "ఇది వేసుకోండి", "అమ్మాయ్, నువ్వేం తినలేదు", "బావా, మొహమాటపడకండి" అంటూ అందరి పళ్ళాల్లో పడేస్తున్నారు. తెల్లటోపీ వంటవాడు పరుగెత్తుకొస్తే సీనా చేయి ఊపి ఆపింది.

"మామయ్యగారూ, మీరు లోపల వదిలినదాంతో మనందరం వారం రోజులు తినొచ్చు" అన్నాడు కిరణ్, మిగతావాళ్ళకు వినబడేలా.

"నీ పెళ్ళిలో మీవాళ్ళు రెండేసి బంతుల్లో కూర్చుంటే నేను లెక్క చెప్పానా బాబూ?"

మా బల్ల ఘొల్లుమంది. కిరణ్ తల దించుకుని తిన్నాడు.

ఆ ఒక్కరోజు ఆటకి కేసినోవాళ్ళు ఆయన్ను ఇంకో మెట్టు ఎక్కించి కొత్త రంగు కార్డు పంపారు. ఎంత నాశనమైతే అంత పదోన్నతి. తరువాత డబ్బు అయిపోయింది. వెళ్ళడం తగ్గింది, కార్డు రంగు దిగింది, సీనా వేరే ఉద్యోగానికి పోయింది. మళ్ళీ పుట్టినరోజుకి ఏ కార్డూ రాలేదు. నేను ఊరుకోలేక, "ఏమండీ అల్లుడుగారూ, అత్తవారు మరిచారే?" అన్నాను.

"వాళ్ళు మాత్రం ఎంతమంది అల్లుళ్ళని చూసుకోవాలి బావా" అన్నారు. ఆ మాటతో నాకు అర్థమైంది, ఈ మనిషికి మొదటి నుంచీ అంతా తెలుసునని.

నిన్న రాజ్యం దగ్గర కూర్చున్నాను. మన సంఘం పత్రికకి ఆయన గురించి రాస్తున్నానని చెప్పాను. ఆ భోజనాల రోజు సంగతి కూడా రాస్తావా అని అడిగింది. రాయకపోతే అందరూ చాటున చెప్పుకుంటారు, రాయడమే మేలన్నాను.

"నేను లేచి వెళ్ళి చేయి పట్టుకుంటే ఆగేవారు అన్నయ్యా. మధ్యలో రెండుసార్లు నా వైపు చూశారు కూడా. ఆపుతానేమోనని చూశారు."

"మరి ఎందుకు ఆపలేదు?"

"ఆపితే డబ్బు మిగిలేది. ఆ తర్వాత ఆయన ఎవరికి పెట్టేవారు, ఎప్పుడు పెట్టేవారు?"

నేను లేచాను. వెళ్ళబోతుంటే గుమ్మం దాకా వచ్చింది. "కేసినోవాళ్ళు పెట్టారని రాయకు. ఆయన పెట్టారని రాయి" అంది.

అలాగే రాస్తున్నాను, ఇందులో ముఖస్తుతి ఏమీ లేదు. ఆ కేసినో ఎన్నడూ ఎవరికీ ఒక మెతుకు ఊరికే పెట్టలేదు. ఆ మధ్యాహ్నం మా పళ్ళాల్లో ఉన్నదంతా, ధరకు ఎన్నో రెట్లు చెల్లించి, సాంబమూర్తి బావగారు పెట్టినదే. మేమంతా తిన్నాం. అలా పెట్టే మనిషి మాకు ఇక లేడు.